పిల్లలు ఆలస్యంగా వచ్చారన్న సందేశాలు తల్లిదండ్రులకు చేరకపోతే

సాఫ్ట్‌వేర్ ‘వెళ్లింది’ అంటున్నా దిల్‌సుఖ్‌నగర్‌లోని మీ హైస్కూలు తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్ అందడం లేదంటే, చాలావరకు డీఎల్‌టీ టెంప్లేటు తేడాయే. డీఎల్‌టీ అంటే సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లను టెలికాం సంస్థల దగ్గర ముందుగా నమోదు చేసే వ్యవస్థ; టెంప్లేటు అంటే అక్కడ ఆమోదం పొందిన సందేశ నమూనా. వాళ్ల ఫోన్లను అనుమానించకండి.

1. డీఎల్‌టీ పోర్టల్‌లో ఆమోదం పొందిన వాక్యాన్నే యథాతథంగా సాఫ్ట్‌వేర్‌లో అతికించండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మర్యాద కోసమని ఒక ‘గారు’ చేర్చినా టెలికాం సంస్థ సందేశాన్ని ఆపేస్తుంది. మార్చదగినవి పేరు, తరగతి, సమయం వంటి ఖాళీలే. ఒక్కో ఖాళీకి అక్షరాల పరిమితి ఉంటుంది. మన ఇంటిపేర్లతో కలిపితే అది సులువుగా దాటుతుంది కాబట్టి పిల్లల పేరొక్కటే ఇవ్వండి.

2. తెలుగు సందేశమైతే యూనికోడ్‌గా (తెలుగు వంటి లిపులకు వాడే రకంగా) నమోదు చేయాలి. 70 అక్షరాలు దాటితే రెండు సందేశాల ఖర్చు. గుణింతాలూ విడిగా లెక్కకొస్తాయి.

3. హాజరు తీసుకోగానే, మొదటి పీరియడ్‌లోనే సందేశం వెళ్లేలా పెట్టండి. ముందు మీ సొంత నంబరుకు ఒకటి పంపి చూడండి.