పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: న్యాయపీఠం నుంచి సెనేట్ దాకా డేవిడ్ డేవిస్

క్రిందటి సంచికలో అమెరికా 1876 అధ్యక్ష ఎన్నికల వివాదం గురించి రాసినప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ కీలక సమయంలో తప్పుకున్నారని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాం. ఆ వాక్యం మీద చెన్నై పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈసారి వివరంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: డేవిస్ జడ్జిగా ఉంటూనే అబ్రహాం లింకన్ తరఫున రాజకీయాలు నడిపారని చదివాను. మన దగ్గర జడ్జి ఏదైనా పార్టీ సభలో కనిపిస్తే చాలు, పెద్ద గొడవ అవుతుంది. అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పలేదా?
– న్యాయశాస్త్ర విద్యార్థి, అడయారు

జవాబు: మీరు చదివినది నిజమే. అది అర్థం కావాలంటే ఆ కాలంలో ఇల్లినాయిస్ రాష్ట్రంలో జడ్జి పదవి ఎలా దక్కేదో ముందు తెలుసుకోవాలి. మేరీలాండ్ రాష్ట్రంలో 1815లో పుట్టిన డేవిస్ ఒహాయోలోని కెన్యన్ కళాశాలలో చదివి, న్యాయవాద వృత్తికి కావలసిన శిక్షణ తూర్పు రాష్ట్రాలలో పూర్తిచేసుకుని, ఇరవై ఏళ్ళ వయసులో ఇల్లినాయిస్‌కు వలస వచ్చి బ్లూమింగ్టన్ ఊళ్ళో స్థిరపడ్డారు. అప్పటి ప్రధాన పార్టీలలో ఒకటైన విగ్ పార్టీ తరఫున శాసనసభలో కూర్చున్నారు. 1847లో రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాయడానికి ఏర్పడిన సభలోనూ ఆయన సభ్యులే. ఆ సభ రూపొందించిన కొత్త రాజ్యాంగం ప్రకారం జడ్జీలను ప్రజలే ఓటు వేసి ఎన్నుకోవాలి. 1848లో అలా ఎన్నికై ఎనిమిదో సర్క్యూట్‌కు (జడ్జి ఊరూరా తిరిగి విచారణలు జరిపే ప్రాంతం) జడ్జి అయిన డేవిస్, మళ్ళీ మళ్ళీ గెలుస్తూ 1862 దాకా ఆ పదవిలో ఉన్నారు. ఓట్లతో వచ్చిన జడ్జికి పార్టీ స్నేహాలు ఉండడం అక్కడి జనానికి వింతగా తోచలేదు.

ఆ సర్క్యూట్ ఎలా సాగేదో కొంచెం చెప్పాలి, ఎందుకంటే డేవిస్ జీవితంలోని ముఖ్య ఘట్టాలన్నిటికీ మూలం అక్కడే ఉంది. ఒక దశలో దాని కింద 14 కౌంటీలు (మన జిల్లాల వంటివి) ఉండేవి. ఏటా వసంతంలో ఒకసారి, ఆకురాలు కాలంలో ఒకసారి జడ్జిగారూ ఆయన వెంట వకీళ్ళూ గుర్రాల మీదా బగ్గీల మీదా ఒక కౌంటీ కేంద్రం నుంచి మరో కౌంటీ కేంద్రానికి వారాల తరబడి తిరిగేవారు. వంతెనలు లేని వాగులు దాటుకుంటూ, పొద్దుగూకేసరికి ఏదో ఒక పూటకూళ్ళ ఇంటికి చేరేవారు. ఒక్కొక్క మంచం మీద ఇద్దరేసి వకీళ్ళు సర్దుకుని పడుకోవలసి వచ్చేది. బరువు 130 కిలోలు దాటిన భారీకాయుడు కావడం వల్ల డేవిస్‌కు మాత్రం మంచం ఒక్కరికే వదిలేసేవారట. భోజనాలయ్యాక అందరూ జడ్జిగారి గదికే చేరేవారు. అక్కడ కథలు చెప్పి నవ్వించేది ఎక్కువగా ఆ వకీళ్ళలో ఒకరైన లింకనే. కక్షిదారుల దగ్గర లింకన్ మరీ తక్కువ ఫీజు తీసుకుని తోటి వకీళ్ళ పొట్ట కొడుతున్నారని డేవిస్ మందలించిన సంగతిని ఆ బృందంలోని వారే రాసిపెట్టారు. తాను ఏదైనా పని మీద వెళ్ళవలసి వచ్చినప్పుడు డేవిస్ లింకన్‌ను తన పీఠం మీద కూర్చోబెట్టి విచారణ సాగించమనేవారు. నేటి ప్రమాణాలతో చూస్తే ఇది ఎంతమాత్రం సమర్థనీయం కాదని ఒప్పుకోవలసిందే. అయితే వారిద్దరి మధ్య ఏర్పడిన నమ్మకం ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది.

ప్రశ్న: అంత దగ్గరి స్నేహితుడు కనుకనే లింకన్ ఆయనను సుప్రీంకోర్టుకు పంపారా? ఆ కృతజ్ఞత ఆయన తీర్పులలో కనిపించిందా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, పెరంబూరు

జవాబు: మొదటి ప్రశ్నకు అవుననే చెప్పాలి. 1860 మే నెలలో షికాగోలో రిపబ్లికన్ పార్టీ మహాసభ జరిగినప్పుడు అధ్యక్ష అభ్యర్థిత్వం న్యూయార్క్ నాయకుడు విలియం సీవర్డ్‌కే దక్కుతుందని అందరూ అనుకున్నారు. డేవిస్ ట్రెమాంట్ హౌస్ హోటల్‌లో మకాం వేసి, ఇండియానా, పెన్సిల్వేనియా ప్రతినిధులతో రాత్రింబవళ్ళు మంతనాలు జరిపారు. తనను కట్టిపడేసే ఒప్పందాలేవీ చేసుకోవద్దని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి లింకన్ కబురు పంపినా, ఆ రెండు రాష్ట్రాల నాయకులు తర్వాత మంత్రివర్గంలో చేరారన్నది చరిత్ర. మొదటి విడత ఓటింగులో సీవర్డ్‌కు 173న్నర, లింకన్‌కు 102 ఓట్లు వచ్చాయి. మూడో విడతకు లింకన్ గెలిచారు. ఆ గెలుపులో డేవిస్ పాత్ర చాలా పెద్దది. అయినా లింకన్ వెంటనే ఆయనకు పదవి ఇవ్వలేదు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన చేరిన జాన్ క్యాంప్‌బెల్ 1861లోనే సుప్రీంకోర్టు స్థానాన్ని వదిలి వెళ్ళినా, ఏడాదికి పైగా తటపటాయించి, మిత్రులు ఒత్తిడి చేసిన మీదట 1862 అక్టోబరులో నియమించారు. అమెరికా ఎగువ సభ సెనేట్ డిసెంబరులో ఆమోదించింది. మన మద్రాసు హైకోర్టు ఏర్పడిందీ ఆ సంవత్సరమే.

ఇక రెండో ప్రశ్నకు జవాబు 1866 నాటి మిలిగన్ కేసులో ఉంది. డేవిస్ రాసిన తీర్పులన్నిటిలోకీ నేటికీ నిలిచి ఉన్నది ఇదే కనుక, దీని గురించి కొంత విస్తరంగా చెప్పడం అవసరం. లాంబ్డిన్ మిలిగన్ ఇండియానా రాష్ట్రానికి చెందిన వకీలు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య సాగిన అంతర్యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించినవాడు. ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నాడని అభియోగం మోపి 1864 అక్టోబరులో ఆయనను ఇంటి దగ్గరే పట్టుకుని, సైనికాధికారుల కమిషన్ ముందు నిలబెట్టారు. కమిషన్ ఉరిశిక్ష వేసింది. 1865 మే 19న ఉరి తీయవలసి ఉండగా, లింకన్ హత్య తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ దానిని యావజ్జీవ శిక్షగా మార్చారు. మిలిగన్ సైనికుడు కాదు. ఇండియానాలో యుద్ధరంగమూ లేదు. అక్కడి కోర్టులు తలుపులు తెరుచుకుని ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. మరి జ్యూరీ లేకుండా, మామూలు కోర్టుకు వెళ్ళనివ్వకుండా ఒక పౌరుడికి సైన్యం మరణశిక్ష విధించవచ్చునా అన్నదే సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న. మిలిగన్ పక్షాన వాదించిన వారిలో అప్పటికి ఆ కోర్టులో ఒక్క కేసు కూడా వాదించి ఎరుగని జేమ్స్ గార్ఫీల్డ్ ఒకరు. రిపబ్లికన్ పార్టీ సభ్యుడై ఉండి, తన పార్టీవారు ద్రోహిగా చూసిన మనిషి కోసం ఆయన నిలబడ్డారు.

ఆ సైనిక కమిషన్లు లింకన్ ప్రభుత్వ కాలంలో ఏర్పడ్డవే. లింకన్ మరణించాక ఆయన ఆస్తిని కుటుంబం తరఫున నిర్వహించే బాధ్యతను స్వీకరించి, దానిని లక్షా పది వేల డాలర్లకు పెంచి భార్యాబిడ్డలకు అప్పగించి, రావలసిన ప్రతిఫలం ఒక్క డాలరు కూడా తీసుకోని మనిషి డేవిస్. ఆ పని ఇంకా నడుస్తున్న రోజులలోనే, తన మిత్రుడి హయాంలో జరిగిన ఆ విచారణ రాజ్యాంగ విరుద్ధమని ఆయన తీర్పు రాశారు. కోర్టులు పనిచేస్తున్నచోట పౌరుడిని సైన్యం విచారించడానికి వీలులేదని, రాజ్యాంగం పాలకులకూ ప్రజలకూ యుద్ధంలోనూ శాంతిలోనూ ఒకే చట్టమని ఆయన అందులో చెప్పారు. మిలిగన్‌ను విడిచిపెట్టాలన్న విషయంలో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకమయ్యారు. అలాంటి కమిషన్లకు కనీసం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) అయినా అధికారం ఇవ్వగలదా అన్న దగ్గర మాత్రం అయిదుగురు ఇవ్వలేదని, ప్రధాన న్యాయమూర్తి చేజ్‌తో కలిసి నలుగురు ఇవ్వగలదని విడిపోయారు. రిపబ్లికన్ పత్రికలూ నాయకులూ డేవిస్ మీద విరుచుకుపడ్డారు. నల్లవారికి పౌరసత్వం లేదన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పుతో దీన్ని జతకట్టి తిట్టారు. స్నేహం వల్ల పదవి పొందిన మనిషి తీర్పు రాసేటప్పుడు స్నేహాన్ని పక్కన పెట్టగలడా అని సందేహించే వారికి నేను ఈ కేసునే చూపిస్తాను.

ప్రశ్న: 1877లో అధ్యక్ష ఎన్నికల వివాదాన్ని తేల్చే కమిషన్‌లో కూర్చోకుండా సెనేట్‌కు వెళ్ళిపోవడం బాధ్యత నుంచి తప్పించుకోవడం కాదా?
– పాఠకుడు, టి.నగర్

జవాబు: ఇది న్యాయమైన ప్రశ్న. నా అభిప్రాయంలో అది తప్పించుకోవడమే, కానీ ఆ మాట అనే ముందు జరిగినది జరిగినట్టు చూడాలి. 1876 ఎన్నికలలో డెమొక్రాట్ శామ్యూల్ టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుడిని ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల ఓట్లు) ఖాయమయ్యాయి. గెలవడానికి 185 కావాలి. రిపబ్లికన్ రూథర్‌ఫర్డ్ హేస్‌కు 165. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా, ఓరెగాన్ రాష్ట్రాలకు చెందిన 20 ఓట్లు వివాదంలో పడ్డాయి. దాన్ని తేల్చడానికి సెనేటర్లు అయిదుగురు, ప్రతినిధుల సభ సభ్యులు అయిదుగురు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అయిదుగురు గల కమిషన్‌ను ఏర్పరచాలని నిశ్చయించారు. పదునాలుగుమంది రెండు పార్టీలకూ ఏడుగురేసి సమానంగా సరిపోయారు. పదిహేనోవాడు ఏ పార్టీకీ చెందని డేవిస్ అవుతారని అందరూ అనుకున్నారు. ఆ ఏర్పాటు యావత్తూ ఆయన మీద పెట్టుకున్న నమ్మకం మీద నిలబడి ఉంది. 1877 జనవరి 25న ఆ బిల్లు సెనేట్‌లో నెగ్గింది. సరిగ్గా అదే రోజున ఇల్లినాయిస్ శాసనసభ, డెమొక్రాట్ల ఓట్లూ స్వతంత్రుల ఓట్లూ కలిసి, డేవిస్‌ను సెనేట్‌కు ఎన్నుకుంది. ఆ రోజులలో సెనేటర్లను శాసనసభలే ఎన్నుకునేవి. డేవిస్ కమిషన్‌లో కూర్చోనని చెప్పారు. కమిషన్‌కు అప్పటికి ఎంపిక కాని న్యాయమూర్తులందరూ రిపబ్లికన్లే కావడంతో ఆ స్థానం జోసెఫ్ బ్రాడ్లీకి వెళ్ళింది. వివాదంలో ఉన్న ఓట్లన్నీ 8–7 మెజారిటీతో హేస్‌కు దక్కాయి. 185–184తో ఆయన అధ్యక్షుడయ్యారు. ఏప్రిల్‌లో దక్షిణ రాష్ట్రాల ప్రభుత్వ భవనాల దగ్గర కాపలా ఉన్న ఫెడరల్ సైన్యం వెనక్కి వెళ్ళిపోయింది; బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారి హక్కులకు అక్కడ ఆసరా లేకుండా పోయింది.

ఒక పార్టీ ఓట్లతో సెనేట్‌కు ఎన్నికైన మనిషి అదే పార్టీ అభ్యర్థి భవిష్యత్తును తేల్చే కమిషన్‌లో కూర్చుంటే పక్షపాతం అంటగట్టేవారన్న మాట వాస్తవమే. అయితే ఆయన ముందు రెండో దారి కూడా ఉంది: సెనేట్ పదవిని కాదని, దేశం తన మీద పెట్టుకున్న పనిని చేపట్టడం. 1866లో అంత నిందను భరించిన న్యాయమూర్తి 1877లో కూడా భరించగలిగేవారని నమ్ముతాను కాబట్టే, ఆయన ఎంచుకున్నది నాకు బాధ కలిగిస్తుంది. డేవిస్ కూర్చుని ఉంటే ఫలితం మారేదా అన్న విషయంలో చరిత్రకారులు ఒక మాట మీద లేరు. ఆయన మార్చి మొదటి వారంలో రాజీనామా చేశాక ఖాళీ అయిన స్థానంలోకి ఆ సంవత్సరం చివర జాన్ మార్షల్ హార్లన్ వచ్చారు. 1896లో ప్లెస్సీ కేసులో, రైళ్ళలో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే చట్టం చెల్లుతుందని విచారణలో పాల్గొన్న మిగతావారందరూ అంటే, ఒంటరిగా కాదన్న న్యాయమూర్తి ఆయనే.

ప్రశ్న: మన కోకా సుబ్బారావుగారు కూడా పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలలో నిలబడ్డారు కదా! ఇద్దరినీ పోల్చవచ్చునా?
– న్యాయవాది, విల్లివాక్కం

జవాబు: కొంతవరకు పోల్చవచ్చు. రాజమహేంద్రవరంలో పుట్టి, మద్రాసు హైకోర్టులో వకీలుగా పేరు తెచ్చుకుని, అక్కడే న్యాయమూర్తి అయి, దేశ ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగిన సుబ్బారావుగారు 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తీసివేయలేదన్న ఆ తీర్పు 6–5 తేడాతో వెలువడింది. ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా పోటీ చేసి, 4,71,244 ఓట్లు పొందిన జాకిర్ హుస్సేన్ చేతిలో 3,63,971 ఓట్లతో ఓడిపోయారు. పౌరుడి హక్కుల విషయంలో ప్రభుత్వానికి ఎదురు నిలవడంలో ఇద్దరిదీ ఒకే తోవ. తేడా అంతా పదవి వదిలే తీరులో ఉంది. సుబ్బారావుగారు ముందు రాజీనామా చేశాకే బరిలోకి దిగారు. డేవిస్ మాత్రం 1872లో సుప్రీంకోర్టులో ఉండగానే లేబర్ రిఫార్మ్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వాన్ని అంగీకరించి, మరో పెద్ద కూటమి మద్దతు పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీకి వెళ్ళాక విరమించుకున్నారు. ఆ కొన్ని నెలలూ పీఠం మీదే ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మన వారి పద్ధతే మేలైనదని నా నిశ్చితాభిప్రాయం.

ప్రశ్న: సెనేట్‌లో ఆయన ఏం చేశారు?
– పాఠకురాలు, ఆవడి

జవాబు: అక్కడా ఏ పార్టీలోనూ చేరలేదు. రెండు పక్షాల బలం దాదాపు సమానంగా ఉన్న 1881లో, అధ్యక్షుడు గార్ఫీల్డ్ హత్యకు గురై, ఉపాధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ ఆయన స్థానంలోకి వెళ్ళడంతో సెనేట్‌కు అధ్యక్షత వహించేవారు లేకుండా పోయారు. అక్టోబరులో సభ డేవిస్‌ను తాత్కాలిక అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆనాటి వారసత్వ చట్టం ప్రకారం ఆర్థర్‌కు ఏమైనా అయితే దేశాధ్యక్ష బాధ్యత డేవిస్‌కే వచ్చేది. మిలిగన్ కేసులో ఆయన ఎదుట నిలబడి వాదించిన గార్ఫీల్డే ఈ గార్ఫీల్డ్. 1883 మార్చిలో పదవీకాలం ముగిశాక డేవిస్ బ్లూమింగ్టన్‌కు తిరిగి వచ్చి, 1886 జూన్ 26న కన్నుమూశారు. అంతకు కొన్ని నెలల ముందే, ఆ సంవత్సరం జనవరిలో, కాంగ్రెస్ చట్టాన్ని మార్చి అధ్యక్ష వారసత్వాన్ని సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడి నుంచి మంత్రివర్గ సభ్యులకు బదిలీ చేసింది.