గోగు చెరువు దగ్గర నుంచి ఒక ఉత్తరం

చీపురుపల్లి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన ఒంట్లో కణాల మధ్య అల్లికను కోసే ఎంజైముల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదువుకుంటూ, పరీక్షల టెన్షన్ మధ్యలో తెలుగులో సైన్సు రాయాలని కూర్చున్నావంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. విషయం తప్పుల్లేకుండా పట్టుకున్నావు. శీర్షిక దగ్గరే నాకు మనసొప్పలేదు. 'శరీరాన్ని తినేసే ఎంజైములు' అని పెట్టావు. అది తీసెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం.

1990ల్లో ఆ తప్పు నేను చేశాను. క్యాన్సర్ కణం ఈ ఎంజైములతోనే చుట్టూ ఉన్న అల్లికను తెంపి దారి చేసుకుంటుందనీ, వాటిని ఆపే మందులు వస్తున్నాయనీ, ఇక భయం లేదన్నట్టుగా ఒక పత్రికకు రాశాను. మారిమాస్టాట్ అని మందు పేరు కూడా ఇచ్చాను. నెల తిరక్కుండా బొబ్బిలి వైపు నుంచి ఒకాయన మా ఇంటికొచ్చాడు. ఆ పేజీ చించి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. భార్యకు నోటి క్యాన్సర్. "ఈ మందు విశాఖపట్నంలో దొరుకుతాదా బాబూ?" అన్నాడు. ఇంకా ట్రయల్స్‌లోనే ఉందని చెప్పాను. కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ మందులు రోగుల ఆయుష్షు పెంచలేకపోయాయి. చాలామందికి కీళ్లు పట్టేసి నొప్పులు పుట్టాయి. అదే తరహా మందు ఒకటి వాడినవాళ్ల పరిస్థితి ఇంకా దిగజారడంతో ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. ఈ ఎంజైముల్లో కణితిని అడ్డుకునేవి కూడా ఉన్నాయి. ఆ మందులు మంచిదీ చెడ్డదీ చూడకుండా అన్నిటి చేతులూ కట్టేశాయి. 'ఎంజైము రాక్షసి, మందు దేవుడు' అన్నట్టు రాశాను గనకే ఆయన అంతదూరం వచ్చాడు.

నార కోసం గోగు ఊరబెట్టడం నువ్వు దగ్గరుండి చూశావా? కోసిన గోగును కట్టలు కట్టి చెరువులో ముంచి, తేలకుండా పైన బరువు పెడతారు. నాలుగైదు రోజులకే నీళ్లు నల్లబడి, గట్టు మీదికి వాసన కొడుతుంది. పది రోజులు దాటాక మా నాన్న మోకాలి లోతు దిగి, కట్టలోంచి ఒక్క కర్ర లాగి, మొదలు దగ్గర బొటనవేలితో బెరడు నొక్కి చూసేవాడు. అది పుల్లను వదిలి చివరిదాకా జారి వచ్చిందంటే, "అయిపోనాది, తియ్యండి" అనేవాడు. తొందరపడితే బెరడు పుల్లకే అంటుకుపోతుంది. రెండు మూడు రోజులు ఆలస్యమైతే నారే చివికి, పేనుతుంటే తెగిపోతుంది. నీళ్లలోని బ్యాక్టీరియా వదిలే ఎంజైములు నారను పట్టి ఉంచే పెక్టిన్ అనే బంకను కరిగిస్తాయి. ఆ పని సరిగ్గా సాగాలి, సరిగ్గా ఆగాలి.

నీ వ్యాసం ఇక్కడి నుంచి ఎత్తుకో. మన కణాల మధ్య ఉన్నది పెక్టిన్ కాదు, కొల్లాజెన్ అనే ప్రొటీన్. దాన్ని కోసే ఎంజైములూ వేరే. పోలిక ఎక్కడిదాకా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పెయ్, పాఠకుడు నిన్ను నమ్ముతాడు. కొల్లాజెన్ మూడు పేటల తాడు. కొల్లాజెనేజు అనే ఎంజైము దాన్ని ఒకే చోట కోస్తుంది, ముప్పావు ముక్క ఒకటి, పావు ముక్క ఒకటి. కోత పడ్డాక మన ఒంటి వేడికే పేటలు విడిపోతాయి, మిగతా ఎంజైములు వాటిని తుంపుతాయి. కొల్లాజెనేజు లాంటి ఈ ఎంజైముల కుటుంబం పేరే మ్యాట్రిక్స్ మెటలోప్రొటీనేజులు, మనిషిలో ఇవి 23. అన్నిటికీ కోసే చోట జింకు ఉండాలి. కణం వీటిని తాళం వేసే తయారుచేస్తుంది. తాళం తీశాక కూడా అదుపులో పెట్టడానికి టింప్ అనే ప్రొటీన్లు నాలుగున్నాయి. నువ్వు టింప్‌ల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. మా నాన్న బొటనవేలు చేసిన పని అదేనమ్మా, దానికి ఒక పేరా ఇవ్వు.

'బహిర్కణ మాతృక' అని రాశావు. మా పక్కింటి పిన్నికి చదివి వినిపిస్తే బిక్కమొహం వేసింది. 'కణాల మధ్య అల్లిక' అను, లేదా మ్యాట్రిక్స్ అనే ఉంచెయ్.

కప్ప కథ నువ్వు వదిలెయ్యడం నాకు బాధనిపించింది. 1962లో బోస్టన్‌లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ తోకకప్ప తోక ముక్కల్ని కొల్లాజెన్ జెల్ మీద పెట్టారు. ముక్కల చుట్టూ జెల్ కరిగిపోయింది. తోకకప్ప కప్పగా మారేటప్పుడు తోక ఎటు పోతుందన్న ప్రశ్నకు దొరికిన జవాబు అది. ఈ ఎంజైములు మనుషులకు మొదట కనబడింది రోగంలో కాదు, ఎదుగుదలలో. కాన్పు అయ్యేసరికి కిలో దాకా తూగే గర్భసంచి ఆరు వారాల్లో వంద గ్రాముల లోపుకి వచ్చేస్తుంది. అందులోనూ వీటి చెయ్యి ఉంది.

రోగాల దగ్గరికి వచ్చేసరికి నువ్వు పదకొండు పేర్లు వరసపెట్టావు. తొమ్మిది కొట్టెయ్. మన జిల్లా నోళ్లలోనే ఉన్న రెండు ఉంచు. సముద్రం పక్క ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగడం చూసే ఉంటావు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసుకుంటారు. అంగిలి తెల్లబడుతుంది, కొందరికి అది క్యాన్సర్ అవుతుంది. ఆ కణాలు కింది పొరను దాటేటప్పుడు వాడుకునే కత్తెరలు ఈ ఎంజైములే. అదే వీధిలో గుట్కా నమిలే కుర్రాడికి నోరు రెండు వేళ్లు కూడా పట్టదు. అక్కడ కొల్లాజెన్ పోగుపడుతోంది, కోసే పని వెనకబడింది. ఒకచోట కోత ఎక్కువైంది, ఇంకోచోట తక్కువైంది. ఈ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టు. షుగర్ వాళ్ల కాలిపుండు మానకపోవడం, మోకాలి గుజ్జు అరగడం ఒక్కో మాటలో చెప్పినా చాలు.

ఇంకొకటి. మందు పేరు రాసిన ప్రతిచోటా, అది దేనికి ఒప్పుకున్నారో కూడా రాయి. ఈ ఎంజైములను అణచడానికని అమెరికాలో అనుమతి వచ్చింది తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్‌కి, అదీ చిగుళ్ల జబ్బుకి. క్యాన్సర్‌కి కాదు. ఆ 'కాదు' అనే మాట వ్యాసంలో ఉండి తీరాలి. ఎవరో ఒకరు ఆ పేజీ చించి జేబులో పెట్టుకుంటారు.

మార్చిన ప్రతి నాకు పంపు. మావాళ్లు గోగు నీళ్లలో వేసిన రోజు ఫోన్ చేస్తాను. పదో రోజుకి నువ్వు ఇక్కడుండాలి, ఆ బెరడు నీ బొటనవేలితోనే నొక్కి చూద్దువుగాని.

ఇట్లు,
మీ మాస్టారు