స్పియర్‌ఫిషింగ్ క్లబ్బు కార్డు ఉంటే మైలవరం డ్యాములో చేపలు పట్టొచ్చా?

పట్టకూడదు, కడప జిల్లా మైలవరమైనా, అనంతపురం జిల్లా పీఏబీఆర్ (పెన్నా అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్) అయినా, జలాశయంలో చేపలు పట్టాలంటే మత్స్యశాఖ లైసెన్సు కావాలి, క్లబ్బు కార్డు దానికి బదులు కాదు.

ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి, ఈటెతో చేపను కొట్టే ఈ స్పియర్‌ఫిషింగ్ సరదాకు చాలా దేశాల్లో క్లబ్బులున్నాయి. వాటిని నడిపేది ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. ఒకరు మునిగితే ఇంకొకరు పైన కనిపెట్టుకుని ఉండాలని కొత్తవాళ్లకు నేర్పుతారు. ఎందుకంటే పైకి వచ్చేటప్పుడు, ఒక్కోసారి తేలి గాలి పీల్చుకున్నాక కూడా, మనిషి స్పృహ తప్పొచ్చు. ప్రభుత్వం కొత్త ఆంక్షలు పెట్టబోతే సభ్యుల తరఫున వాదించేదీ వీళ్లే. అంతవరకే. అనుమతులిచ్చే అధికారం వీళ్లకు లేదు.

కాకపోతే చట్టం ఒప్పుకున్నదాన్ని కూడా తమలో తాము వద్దనుకోవచ్చు. అమెరికాలోని ఫ్లోరిడా సముద్రంలో నీళ్లలో ఊపిరి పీల్చుకోవడానికి స్కూబా గాలి సిలిండరు తగిలించుకుని చేపను కొట్టడం నేరం కాదు. కానీ ప్రపంచ రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ స్పియర్‌ఫిషింగ్ సంఘం ఆ చేపను లెక్కలోకే తీసుకోదు. సొంత ఊపిరి మీద కొట్టిందే రికార్డు. మంచి పట్టుదలే.

డ్యాము ప్రభుత్వానిది కాబట్టి చేపలు అందరివీ అనుకోవడం మన దగ్గర మామూలే. జలాశయాల్లో చేపపిల్లలను వదిలేది మత్స్యశాఖ. వాటి మీద బతికేది లైసెన్సున్న మత్స్యకారులు.