వ్యూఫైండర్‌లో స్పష్టం, ఫొటోలో మసక: మాన్యువల్ ఫోకస్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్ర: నాది నికాన్ డీ7000. పాత 50 ఎంఎం ఎఫ్/1.4 మాన్యువల్ లెన్స్‌తో, అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి మనుషుల ఫొటోలు తీస్తుంటాను. వ్యూఫైండర్‌లో కళ్లు చక్కగా కనిపిస్తాయి. కంప్యూటర్‌లో చూస్తే మసక. బొమ్మను పెద్దది చేసి చూపే ఐపీస్ కొంటే సరిపోతుందా? (పాఠకుడు, తెనాలి)

జ: కొనేముందు రెండు పరీక్షలు చేయండి. ఖర్చు లేనివి.

మొదటిది డయాప్టర్, అంటే వ్యూఫైండర్‌ను మీ చూపుకు తగ్గట్టు సరిచేసే అమరిక. కెమెరాను ఖాళీ గోడవైపు తిప్పి, వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పుతూ లోపలి అంకెలు, ఫోకస్ గుర్తులు పదునుగా కనిపించేచోట ఆపండి. గోడను చూడకండి, గుర్తులనే చూడండి. కళ్లద్దాలతో ఫొటోలు తీసేవారైతే కళ్లద్దాలు పెట్టుకునే సరిచేసుకోవాలి. ఇది తప్పితే ఏ పరికరమూ ఆదుకోదు.

రెండోది స్క్రీన్ పరీక్ష. స్క్రీన్ అంటే వ్యూఫైండర్‌లో మీరు చూసే బొమ్మ పడే ఫోకసింగ్ స్క్రీన్. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ మీట (లెన్స్‌ను ఎంచుకున్న అపర్చర్‌కు మూసి చూపేది) నొక్కి పట్టుకుని, లెన్స్ అపర్చర్ రింగును 1.4 నుంచి 2కు, 2.8కు, 4కు తిప్పండి. 2.8 దాకా వ్యూఫైండర్‌లో పెద్ద మార్పు కనిపించదు. ఆ తర్వాతే చీకటి పడుతుంది. మీ సమస్యకు మూలం ఇక్కడుంది. ఆటోఫోకస్ కెమెరాల స్క్రీన్లను ఎఫ్/3.5, ఎఫ్/5.6 లాంటి చిన్న అపర్చర్ జూమ్‌లతో కూడా వెలుతురుగా కనిపించేలా తయారుచేస్తారు. అలాంటి స్క్రీన్ కాంతిని పక్కలకు ఎక్కువగా వెదజల్లదు కాబట్టి లెన్స్ అంచుల నుంచి వచ్చే కాంతి కంటిదాకా రాదు. మీరు 1.4లో తీస్తున్నా, చూస్తున్నది దాదాపు 2.8 బొమ్మ. మీటరు దూరంలో 1.4కు పదునుగా వచ్చే లోతు సుమారు 2 సెంటీమీటర్లు. వ్యూఫైండర్ దానికి రెట్టింపు చూపించి నమ్మిస్తుంది.

ఇక ఐపీస్ సంగతి. మీ కెమెరాకు సరిపోయేది డీకే-21ఎం, 1.17 రెట్లు. రబ్బరు ఐకప్‌ను పైకి తోసి తీసేసి, దీన్ని ఆ గాడిలోకి జార్చితే చాలు. డయాప్టర్ మళ్లీ సరిచేసుకోవాలి. మీ వ్యూఫైండర్ 0.95 రెట్లు చూపేది 1.11 అవుతుంది. కంటికి హాయిగా ఉంటుంది, కానీ స్క్రీన్ దాచినదాన్ని అది బయటపెట్టలేదు. కళ్లద్దాలవారికి మూలలూ, కింది అంకెలూ తెగిపోవచ్చు. డీజీ-2 అనే మడిచే మాగ్నిఫయర్ రెండు రెట్లు పెంచుతుంది. మీ కెమెరా ఐపీస్ చతురస్రంగా ఉంటుంది కాబట్టి దానికి డీకే-22 అడాప్టర్ కూడా కావాలి. మధ్యభాగమే కనిపిస్తుంది, ఫోకస్ అయ్యాక పైకి మడిచి ఫ్రేమ్ చూసుకోవాలి. ట్రైపాడ్ మీద బాగుంటుంది, కదిలే పిల్లల వెంట పరుగెత్తే పనికి పనికిరాదు.

నా సలహా: 1.4 నుంచి 2 వరకు ట్రైపాడ్ మీద లైవ్ వ్యూ (వెనుక ఎల్‌సీడీ మీద కనిపించే బొమ్మ) పెద్దది చేసి ఫోకస్ చేయండి. చేతిలో పట్టుకుని తీస్తే వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరితే వెలిగే పచ్చ చుక్కను చూడండి. అది కాస్త తిప్పినా వెలిగే ఉంటుంది గనుక ఫోకస్ రింగును ఎప్పుడూ ఒకే దిశనుంచి తెచ్చి, మీ లెన్స్‌కు చుక్క వెలగడం మొదలైనచోట పదునో, వెలిగే పరిధి మధ్యలో పదునో నాలుగు ఫొటోలు తీసి తేల్చుకోండి.

ప్ర: వ్యూఫైండర్‌లో స్ప్లిట్ ఇమేజ్ స్క్రీన్ (మధ్య వృత్తంలో బొమ్మ రెండు సగాలుగా కనిపించి, ఫోకస్ కుదిరితే కలిసేది) వేయించాను. కిట్ జూమ్ పెడితే మధ్య వృత్తంలో సగం నల్లబడుతోంది. లోపమా? (పాఠకురాలు, వరంగల్)

జ: కాదు. ఆ వృత్తంలోని రెండు పట్టకాలు కాంతిని పక్కకు వంచుతాయి. ఎఫ్/5.6 లాంటి చిన్న అపర్చర్‌లో ఆ కోణానికి తగ్గ కాంతి లెన్స్‌లోనే ఉండదు. కంటిని సరిగ్గా మధ్యకు తెస్తే కొంత తగ్గుతుంది. ఎఫ్/2.8 లాంటి పెద్ద అపర్చర్ లెన్స్‌లతో అది బాగా పనికొస్తుంది.

అసలు చూడాల్సింది స్క్రీన్ ఎత్తు. కెమెరా లోపలి అద్దం నుంచి స్క్రీన్‌కూ, అద్దం నుంచి సెన్సార్‌కూ దూరం సమానంగా ఉండాలి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, 45 డిగ్రీల వాలులో స్కేలు ఉంచి, లైవ్ వ్యూ 10 రెట్లలో ఒక గీత మీద ఫోకస్ చేయండి. రింగు ముట్టకుండా వ్యూఫైండర్‌లో చూడండి. ఆ గీత వద్ద రెండు సగాలు కలవకపోతే స్క్రీన్ పైనుండే పల్చటి షిమ్ (ఎత్తు సరిచేసే రేకు) మార్చించాలి. స్క్రీన్‌ను వేలితో తాకనివ్వకండి, గీత పడితే పోదు. ఇలాంటి స్క్రీన్లతో స్పాట్ మీటరింగ్ (ఫ్రేమ్‌లో చిన్న చోటే కాంతిని కొలవడం) తప్పు చూపవచ్చు, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫ్) చూసి సవరించుకోండి.

ప్ర: నేలమీది తుమ్మిపూలను మాక్రో తీయడానికి యాంగిల్ ఫైండర్ (ఐపీస్‌కు తగిలించి పైనుంచి వంగి చూసే పరికరం) మేలా? (పాఠకుడు, హైదరాబాద్)

జ: వెనుక ఎల్‌సీడీ తిరగని కెమెరా అయితే మేలే. కేనన్ యాంగిల్ ఫైండర్ సీలో 1.25, 2.5 రెట్లు రెండూ ఉంటాయి. తక్కువ రెట్లలో ఫ్రేమ్ కట్టి, ఎక్కువలో ఫోకస్ చేయండి. కెమెరా డయాప్టర్‌ను సున్నా దగ్గర ఉంచి, ఫైండర్ సొంత డయాప్టర్‌తో సరిచేసుకోవాలి. మాక్రోలో రింగు తిప్పితే బొమ్మ పరిమాణమే మారిపోతుంది, కెమెరానే ముందుకూ వెనక్కూ జరపండి.

ప్ర: ఎండలో లైవ్ వ్యూ కనిపించదు. ఎల్‌సీడీ లూప్ (ఎల్‌సీడీకి తగిలించి చూసే భూతద్దం) కొనవచ్చా? (పాఠకుడు, విజయవాడ)

జ: కొనండి, మీ ఎల్‌సీడీ కొలత చూసుకుని. అంచుల్లోంచి వెలుగు చొరబడకూడదు, డయాప్టర్ ఉండాలి. పెద్ద అపర్చర్ పాత లెన్స్‌లు కొన్నింటిలో అపర్చర్ మూస్తే ఫోకస్ పక్కకు జరిగిపోతుంది కాబట్టి తీయబోయే అపర్చర్‌లోనే ఫోకస్ చేయండి. లూప్ తగిలించిన కెమెరాను దాని కన్ను సూర్యుడివైపు ఉండేలా మాత్రం పెట్టకండి. ఆ కటకం ఎండను ఒకచోట కూర్చి ఎల్‌సీడీని కాల్చేస్తుంది.