రేసు గుర్రాల్లో తల్లికి అంత ప్రాధాన్యం ఉందా? అర్బన్ సీ సంగతి చెప్తాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: రేసు గుర్రాల గురించి ఎక్కడ చదివినా ఫలానా స్టాలియన్ (పెంపకానికి వాడే మగగుర్రం) కొడుకు, ఫలానా స్టాలియన్ మనవడు అనే ఉంటుంది, మరి తల్లి గుర్రం వల్ల వంశమే మలుపు తిరిగిన సందర్భం ఉందా, ఉంటే అది తల్లి వల్లే జరిగిందని ఎలా చెప్పగలం? ఉంది. అర్బన్ సీ అనే ఆడగుర్రం. నేను రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివాక ఐర్లండ్‌లో కిల్డేర్ వైపు రేసు గుర్రాల్ని పెంచే ఒక స్టడ్ ఫామ్‌లో ఈతల సీజన్‌లో రాత్రి డ్యూటీలు చేశాను. అక్కడ టీ తాగుతూ కూర్చున్నప్పుడు పాతవాళ్లు స్టాలియన్ల గురించి మాట్లాడటం తక్కువ, మాటంతా తల్లుల గురించే, అందులో ఎక్కువసార్లు వినపడే పేరు ఇదే.

ముందు లెక్క చూడండి. పేరున్న స్టాలియన్‌ని ఒక్క సీజన్‌లో వందకు పైగా ఆడగుర్రాలతో దాటిస్తారు, కాబట్టి ఏడాదికి వంద పిల్లలు పుట్టొచ్చు. తల్లి పదకొండు నెలలు మోసి ఒక్క పిల్లని ఈనుతుంది. థరోబ్రెడ్ అనే ఈ రేసు గుర్రాల జాతిలో కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు, అద్దె గర్భాలు కూడా ఒప్పుకోరు, అందుకే తల్లి జీవితం మొత్తం మీద పది పన్నెండు పిల్లలు పుడితే గొప్ప. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అనే లెక్క కూడా ఈ రంగంలో తల్లి వైపు నుంచే కడతారు. తండ్రి ఒక్కడే అయితే ఆ పిల్లల్ని తోబుట్టువులని ఎవరూ అనరు. ఇంత తక్కువ అవకాశంతో ఒక ఆడగుర్రం మొత్తం జాతి మీద ముద్ర వేయడం మామూలు విషయం కాదు.

అర్బన్ సీ 1989లో అమెరికాలోని కెంటకీలో పుట్టింది. తండ్రి మిస్వాకీ, తల్లి అల్లెగ్రెట్టా. ఈ అల్లెగ్రెట్టా జర్మనీలోని ష్లెండర్‌హాన్ స్టడ్ వాళ్ల రక్తం, పరుగులో పెద్దగా పేరు తెచ్చుకోలేదు. అర్బన్ సీ ఫ్రాన్స్‌లో ట్రైనింగ్ అయింది, యజమాని డేవిడ్ త్సుయ్, ట్రైనర్ జాన్ లెస్‌బోర్డ్. 1993 అక్టోబర్‌లో పారిస్‌లోని లాంగ్‌షాంప్‌లో జరిగిన ఆర్క్ ద ట్రియాంఫ్ రేసులో దీని మీద పందెం 37కి 1, అంటే గెలుస్తుందని దాదాపు ఎవరూ అనుకోలేదు. జాకీ ఎరిక్ సాన్ మార్తాన్ దీన్ని రైల్ (ట్రాక్ లోపలి కంచె) పక్క నుంచి తీసుకొచ్చి వైట్ మజిల్ అనే గుర్రాన్ని మెడ తేడాతో ఓడించాడు. యూరప్‌లో అన్నిటికన్నా పెద్ద రేసు అది, అయినా ఆ గెలుపుని చాలామంది అదృష్టం కింద కొట్టిపారేశారు.

అసలు కథ బ్రీడింగ్‌కి వెళ్లాక మొదలైంది. మీరు అడిగిన రెండో భాగానికి, అంటే తల్లి వల్లేనని ఎలా తెలుస్తుంది అన్నదానికి, జవాబు కూడా అక్కడే ఉంది. ఒకే స్టాలియన్‌తో పిల్లలు బాగా వస్తే ఆ జత కుదిరింది అనుకోవచ్చు. కానీ దీన్ని ఎవరితో దాటించినా పిల్ల పరుగెత్తింది. బేరింగ్ అనే స్టాలియన్‌తో అర్బన్ ఓషన్, గ్రూప్ 3 (పెద్ద రేసుల్లో మూడో స్థాయి) విజేత. లామ్‌టారాతో మెలికా. లామ్‌టారా రేసుల్లో ఓటమి ఎరుగని గుర్రం, తర్వాత జపాన్‌కి అమ్మేశారు, కానీ స్టాలియన్‌గా నిరాశపరిచాడు. అలాంటివాడికి పుట్టిన మెలికా 2000లో ఎప్సమ్ ఓక్స్‌లో (మూడేళ్ల ఆడగుర్రాల పెద్ద రేసు) మూడో స్థానం, ఐరిష్ ఓక్స్‌లో రెండో స్థానం తెచ్చుకుంది. నాకైతే అందరికన్నా బలమైన సాక్ష్యం ఇదే. మంచి స్టాలియన్‌తో మంచి పిల్ల రావడంలో తల్లి వాటా ఎంతో తేల్చలేం, తడబడిన స్టాలియన్‌తో కూడా వచ్చిందంటే ఇక ఎవరి వైపు చూడాలి?

ఆ తర్వాత సాడ్లర్స్ వెల్స్‌తో గెలిలియో, 1998లో. 2001లో ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ డెర్బీ, కింగ్ జార్జ్ అనే మూడు పెద్ద రేసులూ గెలిచాడు. అదే జతకి బ్లాక్ శామ్ బెలమీ, ఆల్ టూ బ్యూటిఫుల్. జెయింట్స్ కాజ్‌వేతో మై టైఫూన్, అది పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే వేలంలో 18 లక్షల గినీలు (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ) పలికింది, 2007లో అమెరికాలో డయానా స్టేక్స్ గెలిచింది. చివర్లో కేప్ క్రాస్‌తో సీ ద స్టార్స్, 2006లో. కేప్ క్రాస్ మైలు దూరం గుర్రం, అయినా కొడుకు 2009లో 2000 గినీస్ అనే రేసు, డెర్బీ, ఎక్లిప్స్, యార్క్‌లో ఇంటర్నేషనల్, ఐరిష్ చాంపియన్, ఆర్క్ అని వరసగా ఆరు గ్రూప్ 1 (అన్నిటికన్నా పై స్థాయి) రేసులు గెలిచాడు, ఆ ఏడాది ఒక్కటీ ఓడలేదు. తల్లి గెలిచిన ఆర్క్‌నే పదహారేళ్ల తర్వాత కొడుకు గెలిచాడన్నమాట. ఇద్దరు డెర్బీ కొడుకుల మీదా జాకీ ఒక్కడే, మిక్ కినేన్.

సీ ద స్టార్స్ 2009 గెలుపులు చూడటానికి తల్లి లేదు. 2009 మార్చి మొదట్లో ఐరిష్ నేషనల్ స్టడ్‌లో ఇన్విన్సిబుల్ స్పిరిట్ అనే స్టాలియన్‌కి ఒక మగపిల్లని ఈని, ఈత తర్వాత వచ్చిన సమస్యలతో చనిపోయింది. వయసు ఇరవై. ఆ పిల్లే బోర్న్ టు సీ, 2012 ఐరిష్ డెర్బీలో రెండో స్థానం.

ఈ విషయం దగ్గర కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే రేసు చూసేవాళ్లకి తల్లులు మోసే ప్రమాదం తెలియదు. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి, మనుషుల అలికిడి తగ్గేదాకా ఆపుకుంటాయి కూడా. చన్నుల కొనల మీద మైనంలా పేరుకుంటే ఇక దగ్గరపడిందని మనం నిద్ర మానేస్తాం. ఉమ్మనీరు పోయాక అరగంటలో పిల్ల బయటికి రావాలి, గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఏదైనా ఆలస్యమైతే టెన్షనే. ఇదంతా సవ్యంగా జరిగాక కూడా వయసు మళ్లిన తల్లుల్లో గర్భసంచి రక్తనాళం చిట్లొచ్చు, రక్తం లోపలే పోతుంది, బయటికి ఒక్క చుక్క కనపడదు. నేనున్న చోట ఒక ముసలి గుర్రం అలాగే పోయింది. పిల్లని నాకడం అయ్యాక ఒళ్లంతా చెమట పట్టింది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, మేం ఏం చేసినా నిలవలేదు. పిల్లని తెల్లారేసరికి పాలిచ్చే వేరే తల్లికి అలవాటు చేయాల్సి వచ్చింది. ఆ రాత్రి తర్వాత ఏ పెడిగ్రీలో (వంశావళిలో) తల్లి పేరు చూసినా నేను ఊరికే దాటిపోలేను.

సైన్స్ మాటకొస్తే, జన్యువులు ఇద్దరివీ దాదాపు సగం సగం. కానీ కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. గర్భసంచి ప్రభావం ఇంకా స్పష్టం: 1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు భారీ షైర్ జాతినీ పొట్టి షెట్లాండ్ జాతినీ రెండు వైపులా కలిపి చూస్తే, షైర్ తల్లికి పుట్టిన పిల్ల షెట్లాండ్ తల్లికి పుట్టిన పిల్లకన్నా దాదాపు మూడు రెట్లు బరువుంది. జన్యువుల కలయిక ఒకటే, మోసిన కడుపు వేరు. పైగా ఆరు నెలలు పాలిచ్చి, పక్కన పరిగెత్తించి, దేనికి బెదరాలో దేనికి అక్కర్లేదో నేర్పేది తల్లే. వేగం అంతా వీటివల్లే అని నేను అనను, కానీ తండ్రి పేరు ఒక్కటే చూసి గుర్రాన్ని అంచనా వేయడం సగం పుస్తకం చదివినట్టే.

మరి వంశం నిజంగా మారిందా? గెలిలియో బ్రిటన్, ఐర్లండ్‌లలో 12 సార్లు చాంపియన్ స్టాలియన్, అతని పిల్లల్లో ఐదుగురు ఎప్సమ్ డెర్బీ గెలిచారు. పద్నాలుగు రేసులు పరిగెత్తి పద్నాలుగూ గెలిచిన ఫ్రాంకెల్ అతని కొడుకే. సీ ద స్టార్స్‌కి పుట్టినవాళ్లలో హార్జాండ్, టగ్రూడా, స్ట్రాడివేరియస్, బయీద్ ఉన్నారు. కొడుకుల గొడవ అందరికీ తెలుసు, నేను కూతుళ్ల వైపు కూడా చూడమంటాను. అర్బన్ సీ కూతురు చెర్రీ హింటన్ ఒక్క రేసూ గెలవలేదు, కానీ దాని కూతురు బ్రేస్‌లెట్ 2014లో ఐరిష్ ఓక్స్ గెలిచింది.

పెడిగ్రీ పేజీ చూసే అలవాటుంటే 2018 డెర్బీ విజేత మసార్‌ది తీయండి. తండ్రి న్యూ అప్రోచ్, అతని తండ్రి గెలిలియో, అతని తల్లి అర్బన్ సీ. ఇప్పుడు కింది వరసకి రండి: తల్లి ఖావ్లా, దాని తల్లి విల్లారికా, దాని తల్లి మెలికా, దాని తల్లి మళ్లీ అర్బన్ సీ. రెండు వైపులా ఒకే తల్లి కనపడాలని పెంపకందారులు కావాలనే ఇలాంటి జతలు వెతుకుతున్నారు. మలక్‌పేట రేసు బుక్‌లో కూడా గుర్రం పేరు కింద తండ్రి పేరు తర్వాత తల్లి పేరు ఉంటుంది, ఈసారి ఆ రెండో పేరు పట్టుకుని దాని మిగతా పిల్లలు ఏం చేశాయో వెతకండి.