బేకరీ పనితో ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాసం): ఏజెంట్ చెప్పింది నమ్మొచ్చా?

తమ్ముడూ, నీకు 31 ఏళ్లు, మెహిదీపట్నం బేకరీలో 7 ఏళ్ల అనుభవం, హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా. ఏజెంట్ 189 వీసా (యజమాని, రాష్ట్రం స్పాన్సర్ చేయనక్కర్లేని నైపుణ్య పీఆర్ వీసా) గ్యారంటీ అన్నాడన్నావు. ముందు అతనికి అడ్వాన్స్ ఇవ్వడం ఆపు. బేకర్, పేస్ట్రీకుక్ వృత్తులు 189 జాబితాలో లేవు. చెఫ్ ఉంది, కానీ అది వేరే వృత్తి కోడ్. ఉస్మానియా బిస్కెట్లు, పఫ్‌లు చేసిన అనుభవాన్ని దాంట్లో చూపిస్తే నిలవదు. నీకు దారులు 190 (రాష్ట్రం నామినేట్ చేసే పీఆర్ వీసా), 491 (ప్రాంతీయ తాత్కాలిక వీసా), లేదా స్పాన్సర్ చేసే యజమాని.

పాయింట్ల లెక్క చూడు. వయసుకి 30, డిప్లొమాకి 10, అనుభవానికి 10: మొత్తం 50. 491కి రాష్ట్రం నామినేట్ చేస్తే మరో 15. కనీస హద్దు 65 అక్కడికి సరిపోతుంది, అంతే. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో అన్ని విభాగాల్లో 7 తెచ్చుకుంటే ఇంకో 10. నేనైతే ముందు దాని మీదే కూర్చుంటా.

అసలు చిక్కు కాగితాల దగ్గర. మన బేకరీల్లో జీతం చేతికిస్తారు కదా! మన నైపుణ్యాన్ని అంచనా వేసే ఆస్ట్రేలియా సంస్థ టీఆర్‌ఏకి జీతం అందిన రుజువు కావాలి. నేను పనిచేసిన చోట మూడేళ్లు నగదే, ఆ మూడేళ్లూ గాలికిపోయాయి. నీ పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఈ వారమే తీసి చూడు. వాటిలో లేని ఏళ్లను పాయింట్లలో కలపకు. ఇకపై జీతం ఖాతాలోనే వేయమని సేఠ్‌ని అడుగు, మొహమాటపడకు.