నీలం రంగు చూసి నమ్మకు

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, ఇది ఎలియట్స్ బీచ్‌లో మారథాన్ వాళ్ళు పరిగెత్తుతుంటే థర్మల్ కెమెరాతో ఒంటి వేడి కొలుస్తుందట, ప్రాజెక్టుకి" అంది. రాత్రి నిద్ర పట్టలేదు. మా పిల్ల నా దారిలోకి వచ్చిందని గర్వం ఒక పక్క, మద్రాసు మే నెల తలుచుకుని గుబులు ఒక పక్క. ఫోన్లో చెబితే సగమే వింటావు. అందుకే రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. కెమెరా ఆన్ చేశాక అరగంట కుదురుకోనివ్వు. ఎమిసివిటీ, అంటే చర్మం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె, 0.98 పెట్టు. కొలిచే చోటే మనిషిని పావుగంట కూర్చోబెట్టు. క్రీములు పూసుకు రావద్దని ముందురోజే చెప్పు. ఎండ, గాలి తగలని చోట తియ్యి. ఒంటి చర్మం సగటు వేడికి 1964 నాటి రామనాథన్ అనే శాస్త్రవేత్త లెక్క చాలు: ఛాతీకి, జబ్బకి 0.3 చొప్పున, తొడకి, పిక్కకి 0.2 చొప్పున. పరుగు మొదలవగానే రక్తం కండరాలకి మళ్ళి చర్మం కాస్త చల్లబడుతుంది, కెమెరా పాడైందని కంగారు పడకు.

ఇక నా తప్పు చెబుతాను. పదిహేనేళ్ళయింది, మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

ల్యాబులో ఆ మధ్యాహ్నం ఏసీ సరిగ్గా పనిచెయ్యడం లేదు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు, ట్రెడ్‌మిల్ మీద నలభై నిమిషాలుగా పరిగెత్తుతున్నాడు. తెరమీద ఛాతీ, తొడలు నీలంగా ఉన్నాయి. "చల్లగానే ఉన్నాడు, ఇంకో పది నిమిషాలు" అన్నాను. నేను చూస్తున్నది చర్మాన్ని కాదే, తల్లీ! చర్మం మీద నిలిచిన చెమట పొరని. ఆ కెమెరా నీటి పొర దాటి లోపలికి చూడలేదు. పైగా ఏ వేడికి ఏ రంగో చెప్పే స్కేలు ఆటోలో ఉంది, ఆ బొమ్మలో తక్కువ వేడి ఎక్కడుంటే అక్కడ నీలం వేసేసింది. గాలిలో అంత తేమ ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. వేడంతా లోపలే ఉండిపోతుంది.

"నీళ్ళు కావాలా నాన్నా?" అని అడిగాను. నా మొహంలోకి చూసి "బస్సొచ్చేసిందా మేడమ్?" అన్నాడు. ఆ మాటకి నా కాళ్ళలో సత్తువ పోయింది. బెల్టు ఆపేలోపే తూలి నా మీద పడ్డాడు. రెక్టల్ థర్మామీటరు, అంటే మలద్వారంలో పెట్టి లోపలి వేడి చూసేది, 40.6 డిగ్రీల సెల్సియస్ చూపించింది. క్యాంటీన్ జ్యూసుల డబ్బాలోని ఐసంతా తెచ్చి నీళ్ళలో పోసి, తువ్వాళ్ళు తడిపి మార్చిమార్చి కప్పాం. బతికాడు. ఆ నీలం బొమ్మ ప్రింటు మాత్రం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అందుకే, స్కేలు అన్ని బొమ్మలకీ ఒకటే కట్టెయ్యి. చెమట మొదలయ్యాక వచ్చిన అంకెలు విడిగా రాసుకో. తువ్వాలుతో గట్టిగా తుడవకు, రాపిడికే చర్మం వేడెక్కుతుంది. లోపలి వేడి తెలియాలంటే రెక్టల్ ప్రోబ్ కానీ, మింగే మాత్ర సెన్సార్ కానీ ఉండాలి. నుదుటి థర్మామీటరు పనికిరాదు. అవి లేకుండా ఎవరినీ ఎండలో పరిగెత్తించడానికి వీల్లేదు, మీ గైడు ఎంత తొందరపెట్టినా సరే. ఐదు నిమిషాలకోసారి మాట్లాడించు, జవాబు తడబడితే అక్కడితో ఆపు. పడిపోతే అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఊరికే నిలబడకుండా ఐసు నీళ్ళలో ముంచు. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం.

కోప్పడుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నదాన్ని, ఆ అలవాటు పోలేదు.

మొదటి రోజు ఎన్నింటికో చెప్పు. నా పెద్ద థర్మోకోల్ పెట్టె నిండా ఐసు వేయించుకుని, ఐదింటికల్లా బీసెంట్ నగర్ వచ్చేస్తాను.

మీ పెద్దమ్మ